కట్లు విప్పే గది

తలుపు వేసేశారు.

వేసే ముందు ఆసుపత్రి ఆయమ్మ శిరీష భుజం మీద చెయ్యి వేసి, తోసినట్టు కనపడకుండా బయటికి తోసింది. “నువ్విక్కడే కూకో అమ్మా. తల్లి కనపడితే పిల్ల ఇంకా రాగం పెంచుద్ది” అంది. నీలంరంగు తలుపు. అందరి చేతులూ పడేచోట రంగు పోయి చెక్క బయటపడింది. శిరీష ఆ చెక్కకేసి చూస్తూ నిలబడిపోయింది.

లోపల ముందు ఏమీ వినపడలేదు. స్టీలు పళ్ళెంలో ఏదో పడిన చప్పుడు. తరవాత దీపు గొంతు. ఏడుపు కాదు, మాట. “ఆగండి.” కాసేపటికి కొంచెం పెద్దగా, “ఆగండి, ఆగండి!” నాలుగేళ్ళు నిండని పిల్ల. పెద్దవాళ్ళని అండీ అనాలని నాయనమ్మ వీరాయమ్మ నేర్పింది. అంత నొప్పిలోనూ ఆ మర్యాద పోలేదు. ఆ మాట మధ్యలో విరిగి ఒట్టి కేకయ్యేదాకా “ఆగండీ” అనే అరిచింది.

ఎవరూ ఆగలేదు. కేక ఆగకుండా సాగడంలోనే తెలుస్తోంది.

“కూకోండమ్మాయిగోరూ” అన్నాడు వరండాలో బల్లమీంచి లాజరు. షుగరు పుండు కాలితో నెలల తరబడి ఇక్కడికి తిరుగుతున్న ముసలాయన. “నా కాలు ఇప్పినప్పుడు నేనూ అలాగే అరుత్తాను. కాపోతే లోపల్లోపల. బయటికరిత్తే మీసానికి సిగ్గు కదా!”

బల్లంతా నవ్వింది. శిరీషకి ఆ నవ్వు వినగానే ఒళ్ళు మండింది.

“మరీ అంత మోటుగా లాగాలా అండి?”

“డాక్టరుగోరు వచ్చేలోపు అందరివీ ఇప్పేయాల కదమ్మా. సిస్టరమ్మ మాత్రం ఏం చేత్తది?”

అదీ ఇక్కడి పద్ధతి. డాక్టరు ఉదయభాస్కర్ గారు వచ్చేసరికి పుళ్ళన్నీ విప్పి ఉండాలి. ఆయన బల్ల ఈ చివర మొదలెట్టి ఆ చివరిదాకా నడుస్తూ చూస్తారు. కట్టు విప్పనివాళ్ళ దగ్గర ఆగరు. అందుకని జాయ్ సిస్టర్ వచ్చీ రాగానే ఒక్కొక్కళ్ళనీ గదిలోకి పిలిచి, చరచరా విప్పేసి బయటికి పంపేస్తుంది. విప్పినవాళ్ళు కాళ్ళూ చేతులూ చాపుకుని, ఈగలు తోలుకుంటూ, సంతలో సరుకు పరిచినట్టు ఆ బల్లమీద కూర్చుంటారు. ఆయన చూశాక మళ్ళీ లోపలికి, మళ్ళీ కట్టు.

తలుపు తెరుచుకుంది. ఆయమ్మ దీపుని చంకనేసుకొచ్చి శిరీష ఒళ్ళో దించింది. కాటుకా చీమిడీ చెమటా మొహమంతా ఒకటే అయిపోయాయి. కుడి అరచెయ్యి ఎర్రగా, తడిగా ఉంది. నిన్న తెల్లటి పొర కట్టిన చోట ఇవాళ మళ్ళీ సన్నగా నెత్తురు.

“నెత్తురొస్తోందండి” అంది శిరీష.

“గాజుగుడ్డ అతుక్కుంది, వస్తుంది.” జాయ్ సిస్టర్ గుమ్మంలో నిలబడి తరవాతవాళ్ళ కోసం చూస్తోంది. “ఈ జాలేదో పిల్లని పొయ్యి దగ్గరికి రానిచ్చిన రోజు ఉండాల్సింది. నెక్స్ట్ ఎవరు?”

బల్లమీద అందరూ శిరీషని చూశారు. ఆమె కొంగుతో దీపు మొహం తుడిచింది.  

ఎండ బల్లమీదకి ఎక్కాక డాక్టరు గారు వచ్చారు. చెవి దగ్గర ఫోను. దీపు ముందు ఆగి, ఫోనుని కాస్త పక్కకి జరిపి, “వేళ్ళు చాపమ్మా” అన్నారు. దీపు ఇంకా ముడిచింది.

“చాపట్లేదేంటి? చూడమ్మా, చెయ్యి ఇలా ముడుచుకుని ఉండగా మానితే చర్మం కూడా ముడుచుకునే మానుతుంది. వేళ్ళు అరచేతికి లాగేస్తాయి. తరవాత ఆపరేషను చెయ్యాల్సొస్తుంది. రోజూ చాపించాలి.”

“చెయ్యి ముట్టుకోనివ్వట్లేదండి. ఇక్కడ లాగినప్పట్నించీ...”

ఆయన అప్పటికే లాజరు కాలి దగ్గర ఉన్నారు.

ఆత్రేయపురంలో వాళ్ళ వీధిలో మధ్యాహ్నం పూట ఏ పంచలో చూసినా ఒక కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. గుడ్డని పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, కుండ వీపు మీద ఒక్క ఊపున పరిచి లాగేస్తే, లాగినంత మేరా ఉల్లిపొరలాంటి రేకు. పూతరేకుల రేకు. అంచు దానంతట అది లేచేదాకా చెయ్యి పెట్టకూడదు. తొందరపడితే చిరుగుతుంది. చిరిగిన ముక్కలు ఇంట్లో పిల్లలకి.

ఆ చిరిగిన ముక్క కోసమే ఆ రోజు దీపు చెయ్యి చాపింది. కాలే కుండ మీద అరచెయ్యి బోర్లా ఆనించింది.

శిరీష ఇవాళ కూడా అదే కుండ ముందు కూర్చుంది. కొట్టువాళ్ళకి రేకులు అందించాలి. గుడ్డ ముంచడం, పరచడం, లాగడం, కాస్త ఆగడం, తియ్యడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. చెవులు మాత్రం లోపలి గదిలో ఉన్నాయి.

“చెయ్యియ్యండి నాయనమ్మా” అంటోంది దీపు.

“ఇదిగో తల్లీ, ఇచ్చేను” అంటోంది వీరాయమ్మ.

“ఏం కాదు. చీమ కుట్టినట్టుంటాది, అంతే.”

“అబ్బో, సిస్టరమ్మగారేంటి మీరు?” వీరాయమ్మ నవ్వింది. “ఐతే మెల్లిగా చెయ్యండేం. మేం ముసలోళ్ళం.”

“ఏడిస్తే ఇంకా గట్టిగా లాగుతాను.”

ఛెళ్ళుమని దెబ్బ. “ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఆగవే, ఆగవే!” అని వీరాయమ్మ అరుస్తోంది. దెబ్బలు ఆగడం లేదు. శిరీష లేచి వెళ్ళేసరికి దీపు ఎడమచేత్తో నాయనమ్మ మణికట్టు మీద కొడుతూనే ఉంది. మొహంలో కోపం కూడా లేదు. పని చేసుకుంటున్నట్టుంది.

“ఆగమంది కదే నాయనమ్మ?” అంది శిరీష.

“ఆగకూడదు” అంది దీపు. “ఆగమన్నా ఆగకూడదు.”

పంచలో కుండ మీద రేకు మాడిన వాసన వచ్చింది. శిరీష కదల్లేదు.

మర్నాడు ఆయమ్మ రాలేదు.

“పిల్ల తల్లీ, నువ్వు రా లోపలికి” అంది జాయ్ సిస్టర్. “పట్టుకునేవాళ్ళు లేరు.”

శిరీషకి ఒక్క క్షణం సంతోషమేసింది. లోపలికి రానిస్తున్నారు. పక్కనే ఉంటే భయపడదు. గదిలో స్పిరిటు వాసన. గోడవారగా ఎత్తు బల్ల, దాని మీద పచ్చ రబ్బరు గుడ్డ. దీపుని దాని మీద పడుకోబెట్టారు.

“మోచెయ్యి దగ్గర పట్టుకో. అలా కాదు, బరువు వెయ్యి. కదిలిందంటే దానికే నష్టం.”

శిరీష బరువు వేసింది. జాయ్ సిస్టర్ పై కట్టు తిప్పి తిప్పి తీసింది. దానికి నొప్పి లేదు. లోపలి గాజుగుడ్డ ఎండిపోయి అట్టకట్టి ఉంది. సన్నటి పట్టకారులాంటి చిమటాతో ఓ కొస పట్టుకుంది.

“ఆగండి” అంది దీపు.

లాగింది.

“ఆగండి! అమ్మా, ఆగమను! అమ్మా నువ్వు చెప్పు!”

“అయిపోయిందమ్మా, అయిపోయింది” అంది శిరీష. అవలేదు. సగం కూడా అవలేదు. తన చేతుల కింద ఆ చిన్న మోచెయ్యి కోడిపిల్లలా గింజుకుంటోంది. గింజుకున్నకొద్దీ ఆమె ఇంకా అదిమింది. చెప్పింది చెయ్యడం తప్ప ఆ గదిలో ఏం చెయ్యచ్చో ఆమెకి తోచలేదు.

ఉన్నట్టుండి దీపు అరవడం మానేసింది. తల తిప్పి తల్లి మొహంలోకి చూసింది. గుడ్డ ఊడి వచ్చేదాకా అలా చూస్తూనే ఉంది.

“చూశావా” అంది జాయ్ సిస్టర్ నుదురు మోచేత్తో తుడుచుకుంటూ. “తల్లి పట్టుకుంటే ఊరుకుంది.”

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో దీపు శిరీష ఒళ్ళో కూర్చోలేదు. పక్కనున్న ఎవరో తెలియని ఆవిడ వైపు జరిగి, ఆవిడ సంచి మీద ఆనుకుంది. ఇంటి దగ్గర చీకటి పడకముందే నాయనమ్మ పక్కలో చేరి గోడవైపు తిరిగి పడుకుంది. వేళ్ళు చాపించాలని శిరీష దగ్గరికి వెళితే, కట్టులోపల గుప్పిట ఇంకా ముడుచుకోవడం బయటికే తెలిసింది.

కువైట్ నుంచి శిరీష మొగుడు పెద్దిరాజు ఫోను చేశాడు. ఏసీల పని ముగించుకుని గదికి చేరినట్టున్నాడు. వెనకాల ఎవరో అంట్లు తోముతున్న చప్పుడు.

“దీపునియ్యి.”

“రాదు. నా చేతిలో ఫోను కదా. నా దగ్గరికి రాదు.”

జరిగింది చెప్పింది.  “ఆళ్ళతో గొడవెట్టుకోకే శిరీషా. కోపమొచ్చి సరిగ్గా చూడకపోతే మనకే నష్టం. ఏదో ఒకలా మానిపోనీ” అన్నాడు.

“ఏదో ఒకలా అంటే? వేళ్ళు ముడుచుకుపోతేనా?”

“అది కాదే...”

“మీరూ అంతేనండి. అందరూ ఊరుకోమనేవాళ్ళే. అక్కడ పిల్ల ఆగమంటే ఆగేవాడు ఒక్కడు లేడు.” ఫోను పెట్టేసింది.  ఎవరి మీద కోపమో లెక్క తేలడం లేదు. సిస్టరు మీదా, మొగుడి మీదా, కుండ మీదా. అన్నిటికన్నా ఆ మోచేతిని అదిమిన ఈ రెండు చేతుల మీద.

మర్నాడు బల్ల నిండకముందే వెళ్ళింది. వీరాయమ్మ కూడా వస్తానంటే వద్దంది. జాయ్ సిస్టర్ గ్లౌజులు వేసుకుంటోంది.

“సిస్టరుగారండి. తడిపి తియ్యండి.”

“ఏంటి?”

“ఆ కట్టునండి. ఎండు గుడ్డ లాగుతున్నారు మీరు. ఏదైనా పోసి, నానేక తియ్యండి. దానంతట అదే లేస్తుంది.”

జాయ్ సిస్టర్ మొహం ఎర్రబడింది. “మాకు తెలీదనుకుంటున్నావా? ట్రైనింగులో మొట్టమొదట చెప్పేదే అది. ముందు నొప్పికి సిరప్పు పట్టించాలి, అది పనిచేసేదాకా ఉండాలి, సెలైన్ పొయ్యాలి, నానాలి. అన్నీ తెలుసు. ఇంకాసేపట్లో ఈ బల్లెలా ఉంటుందో నువ్వే చూస్తున్నావు కదా. ఆయనొచ్చేసరికి ఒక్కరిది విప్పకపోయినా చూడకుండా పోతారు. మొన్నో ముసలమ్మని అలాగే వదిలేస్తే, పాపం లంకలోంచి గోదారి దాటి మళ్ళీ వచ్చింది. అందరి ముందూ తిట్లు తిన్నదెవరు? నేను!”



“తెలీక చేస్తున్నారేమో అనుకున్నానండి ఇన్నాళ్ళూ” అంది శిరీష. “తెలిసే చేస్తున్నారా?”

 జాయ్ సిస్టర్ చేతికి గ్లౌజు సగం ఎక్కి ఆగిపోయింది.

“ఐతే ఇవాళ నా కూతురిది విప్పనివ్వనండి. ఆయన చూడకపోతే రేపొస్తాం. రేపూ ఇంతే.” శిరీష వెళ్ళి బల్లమీద కూర్చుంది. దీపు ఆమెకి జానెడు దూరంలో కూర్చుంది.

“ఏంటమ్మాయిగోరూ, సత్యాగ్రహమా?” అన్నాడు అప్పుడే కుంటుకుంటూ వచ్చిన లాజరు. సంగతి విన్నాడు. కాలు చాపి, కట్టుకేసి ఓసారి చూసుకున్నాడు. “సిస్టరమ్మా, ఐతే నాదీ ఇప్పొద్దు. నానబెట్టండి. ఆవకాయి ముక్కకున్న భాగ్యం నాకు లేదా?”

“నువ్వు కూడానా తాతా!”

“ఆయ్. నేను కూడానండి. లోపల్లోపల అరిచి అరిచి గొంతు పోయింది.”

పక్కనున్న ఆవిడ చీరకొంగుని మణికట్టు కట్టు మీద కప్పుకుంది. బల్లమీద ఎవరూ లేవలేదు. జాయ్ సిస్టర్ అందరినీ ఓసారి కలయజూసి, విసురుగా లోపలికి పోయింది. బీరువా తలుపు దడేలుమంది. బయటికి వచ్చినప్పుడు ఒక చేతిలో సెలైన్ సీసా, రెండో చేతిలో సిరప్పు.

“ముందు ఇది పట్టించు” అంది శిరీషతో, మొహం చూడకుండా. “తిట్లు ఎలాగూ నాకు తప్పవు.”

డాక్టరు గారు వచ్చేసరికి బల్లమీద ఒక్క పుండూ విప్పి లేదు. కట్ల మీంచి నీళ్ళు నేలమీద చుక్కలు కడుతున్నాయి. ఆయన ఫోను జేబులో పెట్టారు.

“ఏంటిది సిస్టర్?”

శిరీష లేచింది. తప్పు తనమీద వేసేసుకోవాలో, అరవాలో తేల్చుకునేలోపు జాయ్ సిస్టర్ అంది: “నేనే తడిపేనండి. ఎండుగా లాగుతుంటే మానిన పొర ఊడొస్తోంది. ఇంకాసేపు నానాలి.”

“నాకు టైముండొద్దా? పైన వార్డంతా ఉంది.”

“మాకూ పనులున్నాయండి” అంది శిరీష. గొంతు తను అనుకున్నదానికంటే పైకి పోయింది. “పొద్దున్న పొయ్యి కూడా వెలిగించకుండా వచ్చేం. రోజూ పుళ్ళు విప్పుకుని మీకోసం ఆగుతున్నాం. ఈగలు వాలినా ఆగుతున్నాం. ఒక్కరోజు మీరు మాకోసం ఆగలేరా?”

 ఆయన మెడ దగ్గర నరం ఉబ్బింది. “నోరు జాగ్రత్తమ్మా. వైద్యం మీరు చేస్తారా, నేను చెయ్యాలా?”

“మీరే చెయ్యాలండి. అందుకే అడుగుతున్నాను. వేళ్ళు చాపించమన్నారు. ఇలా లాగితే ఏ పిల్ల చాపుతుందండి?”

ఆయన ఏదో అనబోయి, బల్లకేసి చూశారు. లాజరు తడికాలు చాపుకుని, చాలా మర్యాదగా, “ఆయ్, నమస్కారమండి” అన్నాడు.

“వార్డు చూసొస్తాను” అన్నారు డాక్టరు గారు జాయ్ సిస్టరుతో. “నేనొచ్చేసరికి అయిపోవాలి.” చెప్పుల చప్పుడు మెట్లెక్కి పోయింది.

తలుపు మూయలేదు. దీపుని ఎత్తు బల్లమీద పడుకోబెట్టలేదు. శిరీష స్టూలు మీద కూర్చుంటే, దీపు ఆమె మోకాళ్ళకి ఆనీ ఆనకుండా నిలబడింది. జాయ్ సిస్టర్ ఎదురుగా వంగి, పై కట్టు తీసింది. చిమటా పట్టుకోగానే దీపు చెయ్యి వెనక్కి లాక్కుంది.

“నువ్వు ఆగమంటే ఆగుతాను” అంది జాయ్ సిస్టర్.

“అబద్ధం” అంది దీపు.

జాయ్ సిస్టర్ నవ్వలేదు. “సరే. చెప్పి చూడు.”

చిమటా ఇంకా గుడ్డకి తగలకముందే “ఆగండి” అంది దీపు. చిమటా గాలిలో ఆగింది. దీపు దానికేసి అనుమానంగా చూసింది. “ఊఁ” అంది. కాస్త కదలగానే మళ్ళీ “ఆగండి.” మళ్ళీ ఆగింది. నొప్పి లేనప్పుడూ అంటోంది. ఊరికే అంటోంది. ప్రతిసారీ ఆగుతున్నారో లేదో చూసుకుంటోంది. బయట లాజరు దగ్గాడు గాని, తొందరపెట్టలేదు.

తడికి గుడ్డ అంచు ఓ పక్క తనంతట తనే లేచింది. ఆ లేవడం శిరీషకి బాగా తెలిసిన లేవడం. 

“నేను తీసుకుంటాను” అంది దీపు. ఎడమచేతి రెండు వేళ్ళతో ఆ కొస పట్టుకుంది. కొంచెం లాగడం, ఆగడం, కొంచెం లాగడం. ఓచోట “స్స్” అని, అక్కడ ఇంకో చుక్క సెలైన్ పొయ్యమంది.

డాక్టరు గారు ఎప్పుడొచ్చారో గుమ్మంలో నిలబడి ఉన్నారు. గడియారం చూసుకున్నారు. చివరి ముక్క ఒకటి చూపుడువేలి మొదట్లో పట్టుకుని ఉంది. “ఆ కాస్త నేను తీసేస్తాను, ఇటియ్యి” అని వంగి చెయ్యి చాపారు.

“ఆగండి” అంది దీపు.

ఆయన చెయ్యి ఆగలేదు. జాయ్ సిస్టర్ తన గ్లౌజు చెయ్యి మధ్యలో అడ్డం పెట్టింది.

“ఆగమంటోందండి” అంది.

ఆ గదిలో అలాంటి మాట ఎవరూ ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు కాబోలు, ఆయనకి వెంటనే అర్థం కాలేదు. చెయ్యి అలాగే ఉంచి సిస్టరునీ, పిల్లనీ చూశారు. తరవాత నెమ్మదిగా వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నారు. నిలబడ్డారు. దీపు ఆయన్ని ఓసారి ఎగాదిగా చూసి, తన పని తను చేసుకుంది. గుడ్డ ఊడింది. నెత్తురు రాలేదు.

“వేళ్ళు?” అన్నారు ఆయన, ఈసారి అడిగినట్టు.

దీపు ముందు బొటనవేలు తెరిచింది. మిగతావి చాలాసేపు పట్టాయి. చిటికెనవేలు పూర్తిగా రాలేదు.

“ఇది రేపు” అంది.

“సరే, రేపు” అన్నారాయన. శిరీషకేసి చూశారు, ఆమె ఏదైనా అంటుందేమోనని. దండం పెట్టడానికి ఆమెకి చేతులు రాలేదు. ఇన్నాళ్ళ నెత్తురుకి ఒక్క పూట ఆగడం సరిపోదు. అదీ ఇవాళ బల్లంతా మొండికేస్తేనే. ఆయన బయటికి వెళ్ళి లాజరు కాలి దగ్గర నిలబడి, “ఇంకా నానాలా?” అని అడగడం వినపడింది.

కొత్త కట్టు కట్టడం అయింది. “రేపు వచ్చే ముందు ఇంటి దగ్గరే సిరప్పు పట్టించుకురా” అంది జాయ్ సిస్టర్, పళ్ళెం కడుగుతూ. శిరీష తలూపింది.

గుమ్మం దగ్గర వంగి, ఎత్తుకోవడానికి దీపు చంకల కిందకి చేతులు పోనిచ్చింది.

“ఆగు” అంది దీపు.

శిరీష చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి. నడుం వంగే ఉంది. వెనకాల ఎవరో దారి ఇమ్మంటున్నారు. దీపు కదల్లేదు. తల్లి చేతులకేసి చూసింది, మొహంలోకి చూసింది, మళ్ళీ చేతులకేసి చూసింది. వాటిని చాలాసేపు అలాగే ఉంచింది.

తరవాత “ఊఁ” అంది.